సత్యం బతికింది, నోకియా ఫోన్ ఎందుకు బతకలేదు?

2009 జనవరి 7న రామలింగరాజు లేఖ బయటికొచ్చిన ఒక్కరోజులోనే సత్యం కంప్యూటర్స్ షేరు విలువలో ముప్పావు వంతుకు పైగా ఆవిరైపోయింది. ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని వ్యవస్థాపకుడే రాసిచ్చారు. అలాంటి కంపెనీని కొనేవాళ్లుంటారా అని హైదరాబాద్ అంతా అనుకుంది. వంద రోజులు గడవకముందే, ఏప్రిల్ 13న, టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలిచ్చి దాన్ని దక్కించుకుంది. ఈ కొనుగోలు ఫలించింది.

నాలుగేళ్ల తర్వాత, 2013 సెప్టెంబరులో, మైక్రోసాఫ్ట్ 544 కోట్ల యూరోలతో నోకియా ఫోన్ల వ్యాపారాన్ని, పేటెంట్ల వినియోగ హక్కులను కొంటున్నట్టు ప్రకటించింది. అక్కడ ఖాతాల మోసం లేదు. ఆ పేరు తెలియని ఊరు లేదు. అయినా ఒప్పందం పూర్తయి ఏడాదిన్నర తిరక్కుండానే ఏకంగా 760 కోట్ల డాలర్లను నష్టం కింద రాసేసుకోవాల్సి వచ్చింది. పాడైన ఖాతాలున్న కంపెనీ నిలబడి, శుభ్రమైన ఖాతాలున్న వ్యాపారం ఎందుకు కూలింది? కష్టాల్లో ఉన్న టెక్నాలజీ కంపెనీలను కొనడం లాభమా నష్టమా అని ఊరికే చర్చించేకంటే ఈ ప్రశ్నకు జవాబు వెతకడం మేలు.

నా ఉద్దేశంలో జవాబు ఇది: సత్యంలో పాడైంది యాజమాన్యం, ఖాతాలు. పని పాడవలేదు. రాజు లేఖ రాసిన రోజున కూడా విదేశీ బ్యాంకుల, తయారీ సంస్థల సాఫ్ట్‌వేర్‌ను సత్యం ఇంజినీర్లే నడిపిస్తున్నారు. నోకియాలో ఖాతాలు నిజమే చెబుతున్నాయి, కానీ సరుకుకు కాలం చెల్లింది. విండోస్ ఫోన్లలో అత్యధికం నోకియా తయారుచేసినవే. జనమేమో అప్పటికే ఆండ్రాయిడ్‌కో ఐఫోన్‌కో మళ్లిపోయారు. కొనేవాళ్లు తక్కువ కాబట్టి యాప్‌లు రాసేవాళ్లు విండోస్ వైపు చూడలేదు, యాప్‌లు లేవు కాబట్టి కొనేవాళ్లు రాలేదు. ఎంత డబ్బు పోసినా తెగే ముడి కాదది. ఈ ఒప్పందంపై మైక్రోసాఫ్ట్ నాయకత్వ బృందం అభిప్రాయం అడిగినప్పుడు తాను వద్దన్నానని సత్య నాదెళ్ల తన పుస్తకం ‘హిట్ రిఫ్రెష్’లో రాశారు. సీఈఓ అయ్యాక ఆ భారం మోయాల్సింది మాత్రం ఆయనే అయింది. 2014 జులైలో ప్రకటించిన 18,000 ఉద్యోగాల కోతలో దాదాపు 12,500 నోకియా నుంచి వచ్చినవారివే. మన పొరుగున తమిళనాడులోని నోకియా శ్రీపెరంబుదూరు ఫ్యాక్టరీ పన్ను వివాదం వల్ల ఒప్పందంలో చేరనే లేదు. అదే ఏడాది నవంబరు 1న మూతపడింది. అక్కడ ఫోన్లు బిగించిన వేలాది యువతుల జీతాలు ఏ కొనుగోలు లెక్కలోనూ కనిపించవు.

సత్యం వేలం ఎలా జరిగిందో కాస్త దగ్గరగా చూడాలి. ప్రభుత్వం పాత బోర్డును రద్దుచేసి కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్ వంటివారిని కూర్చోబెట్టింది. సవరించిన ఖాతాలు చేతికి రాకముందే బిడ్లు పిలిచారు. అవి వచ్చింది 2010 సెప్టెంబరులో. అంటే బిడ్డర్లు లోపల ఎంత గొయ్యి ఉందో తెలియకుండానే ధర రాశారు. టెక్ మహీంద్రా 58 రూపాయలు, ఎల్ అండ్ టీ 45.90, విల్బర్ రాస్ 20 రాశాయి. అత్యధిక బిడ్‌లో కనీసం 90 శాతానికి ఇంకెవరైనా చేరితే మళ్లీ పోటీ పెట్టాలన్నది నిబంధన. ఎల్ అండ్ టీ ఆ గీత దాటలేదు కాబట్టి అదేరోజు తేలిపోయింది. గెలిచినవారికి అవసరమూ అంతే గట్టిది. టెక్ మహీంద్రా ఆదాయంలో సగానికి పైగా ఒక్క బ్రిటిష్ టెలికాం నుంచే వచ్చేది. టెలికాం దాటి బయటికి రావడానికి సత్యం కస్టమర్లు దారి చూపారు.

ఇది ఉచితంగా దక్కిన విజయమేమీ కాదు. అమెరికా షేర్‌హోల్డర్ల దావా పరిష్కారానికి 12.5 కోట్ల డాలర్లు, యూపెయిడ్ అనే సంస్థ దావాకు 7 కోట్ల డాలర్లు ఒప్పుకోవాల్సి వచ్చింది. వేలమంది ఉద్యోగులను ‘వర్చువల్ పూల్’ పేరుతో కోత జీతం మీద ఇంట్లో కూర్చోబెట్టారు. 2013లో విలీనం జరిగినప్పుడు 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు దక్కాయి. మోసం బయటపడకముందు మంచి ధరకు కొన్న చిన్న మదుపరికి ఇది ఊరటే తప్ప పరిహారం కాదు. అయినా కంపెనీ మూతపడి ఉంటే వాళ్లకు ఆ రెండు షేర్లూ దక్కేవి కావు, ఉద్యోగులు ఒకేసారి రోడ్డున పడేవారు.

ఇక్కడ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది వేగం. ఐటీ సేవల సంస్థలో యంత్రాలు, భూములు ఆస్తి కావు. ఇంజినీర్లు, వాళ్లను నమ్మిన కస్టమర్లే ఆస్తి. ఇంజినీరుకు నెలలోపే వేరే ఆఫర్ వస్తుంది, కస్టమరు తర్వాతి కాంట్రాక్టును ఇంకొకరికి ఇస్తాడు. 2016 దివాలా చట్టం కింద పరిష్కారానికి, కోర్టు వ్యాజ్యాలతో కలిపి, 330 రోజుల గడువుంది. ఆచరణలో అదీ దాటిపోతోంది. ఉక్కు కర్మాగారం అన్నాళ్లు ఆగగలదు, కొలిమి ఎక్కడికీ పోదు. సత్యం కేసు ఆ గడువు ప్రకారం నడిచి ఉంటే టెక్ మహీంద్రా కొనడానికి మాదాపూర్‌లో భవనాలు తప్ప ఏం మిగిలేవి? మోసం బయటపడిన సేవారంగ కంపెనీల కోసం, బోర్డు మార్పు నుంచి వేలం దాకా వంద రోజుల్లో ముగిసే ప్రత్యేక విధానాన్ని చట్టంలో చేర్చాలి. 2009లో ప్రభుత్వం అప్పటికప్పుడు తీసుకున్న నిర్ణయం వల్ల సత్యం ఉద్యోగులకు ఆ రక్షణ దొరికింది. అప్పటికప్పుడు నిర్ణయించే ప్రభుత్వం ప్రతిసారీ ఉంటుందన్న హామీ హైటెక్ సిటీలోని ఏ ఉద్యోగికీ లేదు.