షోరూం వాడికి ముట్టేది ఎంతో మనకి తెలియాలి

పోస్టు కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి. ఇంగ్లండ్‌లో కార్ల ఫైనాన్స్ మీద నడిచిన గొడవ గురించి చెప్తున్నా. ఆ దేశం గొడవ మనకెందుకు అనుకోకండి. చదివాక మీ ట్రాక్టర్ లోన్ కాగితాలు మీరే బయటికి తీస్తారు.

అక్కడ జరిగింది ఇది. కారు కొనడానికి వెళ్తే ఫైనాన్స్ కూడా డీలరే కుదిర్చిపెడతాడు. వడ్డీ ఎంత వెయ్యాలో ఒక హద్దులో నిర్ణయించే అధికారం చాలా ఫైనాన్స్ కంపెనీలు డీలర్‌కే ఇచ్చేశాయి. వడ్డీ ఎంత పెంచితే వాడికి అంత కమీషన్. కొనేవాడికి ఈ సంగతి తెలీదు. 'మీకోసం మంచి రేటు మాట్లాడా సార్' అనేవాడే ఆ రేటు పెంచేవాడు! ఇలా 10 వేల పౌండ్ల నాలుగేళ్ళ లోను మీద సుమారు 1,100 పౌండ్లు ఎక్కువ వడ్డీ పడొచ్చని అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ 2019లో లెక్క తేల్చింది. 2021 జనవరి 28 నుంచి ఈ పద్ధతిని నిషేధించింది.

తర్వాత వ్యవహారం కోర్టుకెక్కింది. 2025 ఆగస్టు 1న అక్కడి సుప్రీంకోర్టు మూడు కేసుల్లో తీర్పు ఇచ్చింది. ఇందులో రెండు ముక్కలు మనం గుర్తుపెట్టుకోవాలి.

ఒకటి. డీలర్ కొనేవాడి తరఫు మనిషి కాదు, తన సరుకు అమ్ముకునేవాడు, తన లాభం తాను చూసుకుంటాడు అని కోర్టు చెప్పింది. అందుకే కమీషన్ దాచిన ప్రతి లోనూ చెల్లదు అనే వాదన నిలబడలేదు. ఇద్దరు ఓడిపోయారు.

రెండు. మూడో ఆయన గెలిచాడు. సుమారు 6,500 పౌండ్ల పాత కారు కొన్నాడు. డీలర్‌కి ముట్టిన కమీషన్ 1,650 పౌండ్లు. ఆయన కట్టాల్సిన మొత్తం వడ్డీ, ఖర్చుల్లో అది 55 శాతం! పైగా డీలర్‌కి ఆ ఫైనాన్స్ కంపెనీతో ముందే ఒప్పందం ఉందన్న సంగతి కాగితాల్లో సరిగా తేలలేదు. ఆయన కాగితాలు చదవకుండానే సంతకం పెట్టాడు. అయినా ఇది అన్యాయమైన వ్యవహారమే అని కోర్టు తేల్చి, ఆ కమీషన్ వడ్డీతో సహా ఇప్పించింది.

కేసు నడుస్తుండగా అక్కడి ఆర్థిక శాఖ కూడా మధ్యలో దూరబోయింది. పరిహారాలు భారీగా ఇస్తే కార్ల లోన్ల వ్యాపారం దెబ్బతింటుందని దాని బాధ. కోర్టు ఒప్పుకోలేదు. జనం పోగొట్టుకున్నప్పుడు రాని బాధ తిరిగి ఇవ్వాల్సి వచ్చేసరికి వచ్చింది, చూడండి. 2025 అక్టోబర్‌లో ఎఫ్‌సీఏ పరిహారం పథకం ప్రతిపాదించింది. 2007 నుంచి 2024 దాకా జరిగిన ఒప్పందాల్లో సుమారు 1 కోటి 40 లక్షల వాటికి, సగటున 700 పౌండ్ల చొప్పున.

మన ఊళ్ళ పిల్లలు చాలామంది అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. ఆ ఏళ్ళలో ఫైనాన్స్‌లో కారు కొని ఉంటే ఒక మాట చెప్పండి. ఫిర్యాదు పెట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు, నేరుగా లోను ఇచ్చిన కంపెనీకే రాసుకోవచ్చు. 'మేం ఇప్పిస్తాం' అని ఫోన్లు చేసే సంస్థలకి అప్పజెప్తే వచ్చినదాంట్లో 30 శాతం పైనే పోవచ్చని ఎఫ్‌సీఏనే హెచ్చరించింది. మోసపోయిన డబ్బు వెనక్కి రావడానికీ మళ్ళీ దళారీయేనా?

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఇక్కడా డీలర్లకి ఫైనాన్స్ కంపెనీలు కమీషన్లు ఇస్తాయి. ఇవ్వడం నేరం కాదు. మార్కెట్ యార్డులో కమీషన్ ఏజెంటు కూడా తీసుకుంటాడు, కానీ శాతం ఎంతో మనకి తెలుసు. షోరూంలో తెలీదు. అక్కడే నా అభ్యంతరం. మన వడ్డీ పెరిగితే తన ఆదాయం పెరిగే మనిషి, ఆ సంగతి దాచి మనకి సలహా చెప్పకూడదు.

దాచడం అంటే ఎలా ఉంటుందో మన దేశంలోనే చూశాం. వాహన లోన్లతో పాటు వేరే కంపెనీల వస్తువులు అమ్మిన వ్యవహారంలో 2021 మేలో ఆర్‌బీఐ హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకుకి 10 కోట్ల జరిమానా వేసింది. లోనుతో జీపీఎస్ పరికరాలు అంటగట్టిన ఆ వ్యవహారంలో తీసుకున్న కమీషన్ ఖాతాదార్లకి తిరిగి ఇస్తామని బ్యాంకే ప్రకటించింది.

ఇంకో మాయ ఫ్లాట్ వడ్డీ. 5 లక్షలు, 5 ఏళ్ళు, 'పది శాతమే అన్నా' అంటాడు. నెలకి 12,500. కానీ మనం ప్రతి నెలా అసలు తీరుస్తూనే ఉన్నాం, వాడు మాత్రం చివరి దాకా 5 లక్షల మీదే వడ్డీ లెక్కేస్తాడు. అసలు రేటు 17 శాతం దాటుతుంది. బ్యాంకు 12 శాతం అంటే ఎక్కువ అనిపించి, ఈ పదికి పడిపోతాం.

అందుకే నేను చెప్పేది ఇదీ. 2024 అక్టోబర్ 1 నుంచి బైకు, కారు లాంటి రిటైల్ లోన్లకి 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' అనే కాగితం ఇచ్చి తీరాలి. మనకి అర్థమయ్యే భాషలో ఉండాలి, అంటే తెలుగులో అడగొచ్చు. ఇన్సూరెన్సు లాంటి ఖర్చులు కలిపి ఏడాదికి అసలు రేటు ఎంతో అందులో ఉండాలి. అందులో లేని ఛార్జీ మనం ఒప్పుకోకుండా వెయ్యకూడదు. ఆ షరతులు కనీసం 3 పనిదినాలు చెల్లుతాయి కాబట్టి ఇంటికి తెచ్చుకుని, చదువుకున్న పిల్లలకి చూపించి, అప్పుడే సంతకం పెట్టండి. ట్రాక్టర్‌కి కూడా అదే కాగితం అడగండి. తేడా వస్తే ముందు లోను ఇచ్చినవాళ్ళకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్. అదీ ఉచితమే, ఫోను 14448.

అయితే ఆ కాగితంలో డీలర్‌కి ముట్టేది ఎంత అనే గడి లేదు. అది కూడా పెట్టాలని రైతు సంఘాలు అడగాలి. అప్పటిదాకా మనమే నోరు తెరిచి అడుగుదాం: 'ఈ లోను మీద నీకెంత వస్తుంది తమ్ముడూ?' జవాబు చెప్తే బేరం ఆడండి. నసిగితే లేచి బ్యాంకుకి వెళ్ళండి. ఎద్దుని కొనేటప్పుడు పళ్ళు చూసే వాళ్ళం, అప్పు తీసుకునేటప్పుడు కాగితం చూడలేమా?

మీ లోను ఏ రేటుకి పడిందో కింద రాయండి. పక్కూరి వాళ్ళకైనా పనికొస్తుంది.