ఆల్బంలో అతకని చరిత్ర

నాయకుడి చరిత్రను ఇంటివాళ్లకంటే భద్రంగా ఎవరు దాస్తారన్నది కర్నూలు, కడప జిల్లాల్లో చాలామంది నమ్మకం. బీరువాలో ఆల్బం, దాన్నిండా పేపర్ కటింగులు. ఇంకేం కావాలంటారు.

ఆ ఆల్బం ఒకసారి తెరిచి చూడాలి. మైదా జిగురుతో అతికించిన ఫొటో చుట్టూ కత్తెర నీటుగా తిరిగి ఉంటుంది. పత్రిక పేరు పోయింది, తేదీ పోయింది, పక్క కాలమ్‌లో ప్రతిపక్షం వేసిన ప్రశ్నా పోయింది. దండలూ రిబ్బన్లూ మిగిలాయి. కాకిపిల్ల కాకికి ముద్దు, అందులో తప్పేం లేదు. దాన్నే చరిత్ర అనమంటేనే చిక్కు.

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, 1954 నవంబరులో, మద్యనిషేధం గొడవ మీద ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలింది. అలాంటి ఓటమిని ఏ ఇంట్లో అతికించుకుంటారు?

వైఎస్ రాజశేఖరరెడ్డి గురించి విజయమ్మ రాసిన పుస్తకం 2020లో ఇడుపులపాయలో విడుదలైంది. భార్య జ్ఞాపకాలుగా దాని విలువ దానిది. కానీ ఆయన ప్రభుత్వం 2005లో పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ సామర్థ్యాన్ని సుమారు 11 వేల క్యూసెక్కుల నుంచి 44 వేలకు పెంచాలన్న నిర్ణయం అర్థం కావాలంటే జీవో కావాలి, ఇంజనీర్ల నోట్స్ కావాలి, సొంత పార్టీలోనే ఎదురుతిరిగిన పి. జనార్దనరెడ్డి వాదనా కావాలి. సీమకు నీళ్లెలా వచ్చాయో ఫ్యామిలీ ఫొటో చెప్పదు.

ఇంట్లో దాచకుంటే అదీ దక్కేది కాదు కదా అనొచ్చు. నిజమే. మరి రాజకీయ వారసులు లేనివాళ్ల సంగతేమిటి? పెదపాడు దళిత కుటుంబంలో పుట్టిన దామోదరం సంజీవయ్య 1960లో 38 ఏళ్లకే ముఖ్యమంత్రి అయ్యాడు. ఆయన నిజాయితీ గురించి కథలు చాలానే తిరుగుతున్నాయి, ఆయన ఫైళ్ల ఊసెత్తేవాళ్లే లేరు. సీపీఐ తరఫున కడప నుంచి నాలుగుసార్లు లోక్‌సభకు గెలిచిన ఎద్దుల ఈశ్వరరెడ్డికి ఆ కథలైనా లేవు.

దారి కడపలోనే ఉంది. ఇక్కడ బంగళా కొన్న సి.పి. బ్రౌన్ సొంత డబ్బుతో పండితులను పెట్టి, ఇళ్లల్లో మూలుగుతున్న తాటాకులు తెప్పించి, పాఠాలు పోల్చి చూసేలా చేశాడు. ఆ బంగళా స్థలంలోనే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం నడుస్తోంది. ఆల్బంలు అక్కడికి చేరాలి, ప్రత్యర్థుల కాగితాలతో సహా.

అదీ పక్కాగా రాసిచ్చి మరీ చేరాలి. ఢిల్లీలో అప్పటి నెహ్రూ స్మారక గ్రంథాలయంలో ఉన్న నెహ్రూ కాగితాలను 2008లో 51 పెట్టెల్లో సోనియా గాంధీ దగ్గరికి పంపేశారు. వాటిని తిరిగి ఇమ్మని ఆ సంస్థ తర్వాత ఉత్తరాలు రాసుకోవాల్సి వచ్చింది.