ఒక్కో నెలకు ఒక్కో లక్ష్యం

మే 12 ఫ్లోరెన్స్ నైటింగేల్ జయంతి, అంతర్జాతీయ నర్సుల దినోత్సవం. ఈ సంచిక వార్డుల్లో పనిచేసే మన నర్సులకు అంకితం.

క్రిమియా యుద్ధకాలపు ఆసుపత్రుల్లో సైనికుల మరణాలను నైటింగేల్ లెక్కగట్టారు. గాయాలకన్నా అపరిశుభ్రత వల్ల వచ్చే జబ్బులే ఎక్కువమందిని బలిగొన్నాయని 1858లో పటం గీసి చూపారు. సేవకు కొలత తోడైతేనే మార్పు వస్తుందని ఆమె జీవితం చెబుతుంది.

‘రోగులను బాగా చూసుకోవాలి’ అన్నది ఆశయం. లక్ష్యం అంతకన్నా చిన్నదిగా, లెక్కకు అందేలా ఉండాలి. మంచం దిగలేని రోగిని సాధారణంగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పి, ఆ వేళను చార్టులో రాయడం ఒక లక్ష్యం. దానివల్ల ఒత్తిడి పుండ్లు తగ్గుతాయి. రోగిని తాకేముందు, తాకాక చేతులు శుభ్రం చేసుకోవడం మరొకటి. మందు ఇచ్చేముందు పేరడిగి కేస్ షీటుతో సరిచూడటం, డ్యూటీ మారేటప్పుడు రోగి మంచం దగ్గరే వివరాలు అప్పగించడం ఇంకా రెండు.

ఒక్క నర్సు మీద వార్డంతా మోపితే ఏ లక్ష్యమూ నిలవదు. సరిపడా సిబ్బందిని ఇవ్వడం యాజమాన్యాల, ప్రభుత్వాల బాధ్యత.

నర్సు సోదరీమణులారా, సోదరులారా! ఈ నెలకు ఒక్క లక్ష్యం ఎంచుకోండి. ఫలితం మాకు రాయండి.