దానంగా వచ్చిన శిల్పం ఉచితం కాదు

ప్రతి ఆదివారం మేం నలుగురం కూర్చుని జీఎస్‌-4 కేస్‌ స్టడీ ఒకటి రాస్తాం. ఈ వారం ప్రశ్న తయారు చేసే వంతు నాది. అందుకే ఊరు కూడా నాదే పెట్టాను: బిల్హా. బిలాస్‌పూర్‌ నుంచి రాయ్‌పూర్‌ వైపు వెళ్లే లైనులో దాధాపారా, చకర్‌భాఠా తర్వాత వచ్చే చిన్న స్టేషన్‌ అది. రైల్వే ఉద్యోగం కోసం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ లైను పక్కనే స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి.

ప్రశ్న పూర్తిగా కల్పితం: "మీరు బిల్హా లాంటి నగర పంచాయతీలో ముఖ్య అధికారి. ఒక వ్యాపారి తన తండ్రి జ్ఞాపకార్థం 12 అడుగుల శిల్పాన్ని ఉచితంగా ఇస్తానంటున్నారు. స్టేషన్‌ రోడ్డు కూడలిలోనే పెట్టాలని, పీఠం మీద తన కుటుంబం పేరు ఉండాలని షరతు. స్థానిక ప్రజాప్రతినిధి సుముఖంగా ఉన్నారు. ఆవిష్కరణ తేదీ కూడా అనుకున్నారు. పట్టణంలో ఇంతవరకు బహిరంగ కళాకృతి ఒక్కటీ లేదు. ఏం చేస్తారు?"

నలుగురిలో ముగ్గురు దాదాపు ఒకే జవాబు రాశారు: ఖజానాకు భారం లేదు, పట్టణానికి అందం వస్తుంది, కాబట్టి కృతజ్ఞతతో స్వీకరించాలి. ఒకతను ఇక్కడి హిందీ సామెత కూడా జోడించాడు: దానంగా వచ్చిన దూడకు పళ్లు లెక్కపెట్టరు. సామెత బాగుంది. కానీ పళ్లు లెక్కపెట్టకపోయినా గడ్డి ఖర్చు లెక్కపెట్టుకోవాలి కదా? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. దానంగా వచ్చే శిల్పాన్ని తీసుకోవడానికి నియమాలు ముందే రాసిపెట్టుకోని పట్టణం, ఆ శిల్పం ఎంత గొప్పదైనా సరే, "ఇంకా కాదు" అనాలి.

ఎవరు ఎవరికి ఇస్తున్నారు?

దాత ఇచ్చేది రాయి, కంచు లేదా ఫైబర్‌. పట్టణం ఇచ్చేది స్థలం. కూడలిలో నాలుగు గజాల చోటు, రోజూ అటుగా నడిచే వేలమంది చూపు, ఆ కూడలికి రాబోయే తరాల్లో స్థిరపడే పేరు. వీటిలో ఏదీ బజారులో దొరకదు. లెక్క సరిగ్గా చూస్తే పెద్ద దానం చేస్తున్నది పట్టణమే. కేస్‌ స్టడీలో ఈ ఒక్క వాక్యం రాసిన జవాబుకూ, "ఉచితం కాబట్టి మంచిది" అని రాసిన జవాబుకూ చాలా తేడా ఉంటుంది.

డబ్బు లెక్క కూడా ఉచితం కాదు. చరిత్రలో అందరికీ తెలిసిన దాన శిల్పం న్యూయార్క్‌ రేవులోని స్వేచ్ఛా ప్రతిమ. ఫ్రాన్స్‌ ప్రజలు ఇచ్చిన కానుక అది. అయితే విగ్రహం ఖర్చు ఫ్రాన్స్‌ది, పీఠం ఖర్చు అమెరికాది. 1885లో విగ్రహం ముక్కలుగా పెట్టెల్లో వచ్చి దిగే సమయానికి కూడా పీఠానికి కావలసిన డబ్బు పూర్తిగా చేతికి రాలేదు. జోసెఫ్‌ పులిట్జర్‌ తన పత్రికలో పిలుపు ఇస్తే లక్షకు పైగా మంది చిన్నచిన్న మొత్తాలు పంపారు. అలా లక్ష డాలర్లకు పైగా పోగయ్యాకే పని పూర్తయి, 1886 అక్టోబరు 28న ఆవిష్కరణ జరిగింది. అంత సంపన్న నగరానికే కానుక వెంట ఖర్చు వచ్చింది. సొంత పన్నుల రాబడి అంతంతమాత్రంగా ఉండే నగర పంచాయతీ సంగతి వేరే చెప్పాలా?

పీఠంతో ఖర్చు ఆగదు. పునాది, లోపలి ఇనుప చట్రం, చుట్టూ కంచె, రాత్రి దీపం, కరెంటు బిల్లు, ఏడాదికోసారి శుభ్రం చేయడం. ఛత్తీస్‌గఢ్‌ ఎండకు ఫైబర్‌ మీద పూసిన కంచు రంగు వెలిసిపోతుంది. నీరు చొరబడితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. లోహమైతే దొంగల భయం. కొత్తలో దండలు వేసినవాళ్లు పదేళ్ల తర్వాత కనపడరు. చీపురు, నిచ్చెన, రంగు డబ్బా మాత్రం పంచాయతీ పద్దులోనే ఉంటాయి.

చట్టం ఏమంటోంది?

మూడు అంశాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన 12వ షెడ్యూలు. అందులోని 18 అంశాల్లో 13వది సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాల ప్రోత్సాహం. అంటే బహిరంగ కళ పట్టణ స్థానిక సంస్థల పరిధిలోకి వచ్చే పనే. దాతల దయ మీద వదిలేయాల్సినది కాదు.

రెండు, సుప్రీంకోర్టు 2013 జనవరి 18న ఇచ్చిన ఉత్తర్వు. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, ఇతర ప్రజోపయోగ స్థలాల్లో విగ్రహాల స్థాపనకు ఇకపై అనుమతి ఇవ్వవద్దని రాష్ట్రాలను ఆదేశించింది. కేరళలో ఒక రోడ్డు కూడలిలో పెట్టదలచిన నాయకుడి విగ్రహం విషయంలో వచ్చిన ఉత్తర్వు ఇది. చాలామంది నోట్సులో ఇంతవరకే ఉంటుంది. అదే ఉత్తర్వులో మినహాయింపులు కూడా ఉన్నాయి: వీధి దీపాలు, విద్యుత్తు, ట్రాఫిక్‌ నిర్మాణాలు, వాటితోపాటు రోడ్ల అభివృద్ధి, సుందరీకరణ. నా దృష్టిలో అసలు చిక్కు ఈ చివరి మాటలోనే ఉంది. తాతగారి విగ్రహం అంటే కుదరదు. సుందరీకరణలో భాగంగా శిల్పం అంటే ఫైలు కదులుతుంది. మా కల్పిత ప్రశ్నలో స్టేషన్‌ రోడ్డు కూడలి అని కావాలనే పెట్టాను. ముగ్గురిలో ఒక్కరే ఈ ఉత్తర్వును ప్రస్తావించారు. మినహాయింపును ఎవరూ ప్రస్తావించలేదు.

మూడు, కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్‌. దాని 7వ షెడ్యూలులో కళ, సంస్కృతి పరిరక్షణ ఉంది కాబట్టి కంపెనీలు సామాజిక బాధ్యత నిధులతో శిల్పాలు ఇవ్వడానికి ముందుకు వస్తాయి. అయితే తమ సరుకుకు ప్రచార లాభం కోసం చేసే స్పాన్సర్‌షిప్‌ను ఆ నిబంధనలు సామాజిక బాధ్యతగా లెక్కించవు. పీఠం మీద పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉండాలన్నది అందుకే చిన్న ప్రశ్న కాదు.

ఖమ్మం, ట్యాంక్‌బండ్‌ చెప్పే పాఠం

మన తెలుగు నేల మీది ఉదాహరణ చూద్దాం. 2023లో ఎన్టీఆర్‌ శతజయంతికి ఖమ్మం లకారం చెరువులో 54 అడుగుల విగ్రహం పెట్టాలని తలపెట్టారు. ప్రవాసాంధ్రులతో సహా అభిమానుల విరాళాలతో తయారైంది. రూపం శ్రీకృష్ణుడిది. మే 28న ఆవిష్కరణ అనుకున్నారు. దేవుడి రూపంలో ఒక నటుడి, నాయకుడి విగ్రహం ఏమిటని యాదవ సంఘాలు అభ్యంతరం చెప్పి హైకోర్టుకు వెళ్లాయి. మే నెలలోనే తెలంగాణ హైకోర్టు స్టే ఇచ్చింది. ఆవిష్కరణ ఆగింది.

ఎవరి వాదన సరైనదన్నది ఇక్కడ నా అంశం కాదు. అభిమానుల ప్రేమ నిజం, అభ్యంతరం చెప్పినవారి మనోభావమూ నిజం. నన్ను ఆలోచింపజేసింది వరుసక్రమం. విగ్రహం తయారైంది, స్థలం నిర్ణయమైంది, తేదీ ఖరారైంది. అభ్యంతరం అందరికీ వినపడింది ఆ తర్వాత. నమూనా చిత్రం గీసిన రోజునే ప్రజల ముందు పెట్టి ఉంటే అది ఒక మధ్యాహ్నం చర్చ అయ్యేది. చివర్లో వచ్చింది కాబట్టి కోర్టు కేసు అయింది.

ట్యాంక్‌బండ్‌ది దానం కథ కాదు, ప్రభుత్వమే పెట్టిన విగ్రహాల కథ. అయినా పనికొస్తుంది. 1986లో ఎన్టీఆర్‌ ప్రభుత్వం 33 మంది తెలుగు ప్రముఖుల విగ్రహాలు పెట్టింది. 2011 మార్చి 10న మిలియన్‌ మార్చ్‌ సందర్భంగా వాటిలో కొన్నిటిని పగలగొట్టారు. తర్వాత తిరిగి నిలబెట్టారు. ధ్వంసాన్ని నేను సమర్థించను. కానీ ఆ వరుసలో తెలంగాణకు తగిన చోటు లేదన్న మాట అంతకు ముందు నుంచే ఉంది. ఎవరి జ్ఞాపకం నిలబడాలో అందరినీ అడగకుండా ఎంపిక చేస్తే, ఆ బాకీ ఎప్పుడో ఒకప్పుడు తీర్చాల్సి వస్తుంది. ప్రభుత్వమే ఎంపిక చేసినప్పుడు ఇంత వివాదం ఉంటే, ఎంపికను దాతకు వదిలేస్తే ఎలా?

తీసుకోవడం తేలిక, తీయడం కష్టం

ఇంకో కేసు, ఇది ఎథిక్స్‌లోనూ పాలిటీలోనూ వాడుకోవచ్చు. శిల్పి అమర్‌నాథ్‌ సెహగల్‌ ఢిల్లీ విజ్ఞాన్‌ భవన్‌ కోసం భారీ కంచు కుడ్యశిల్పం చేశారు. 1979లో మరమ్మతుల పేరుతో దాన్ని ఊడదీసి గోదాములో పడేశారు. ముక్కలు దెబ్బతిన్నాయి. ఆయన కోర్టుకు వెళ్లారు. కాపీరైట్‌ చట్టం 57వ సెక్షన్‌ కింద శిల్పికి నైతిక హక్కు ఉంటుందని, ప్రభుత్వం ఆ కృతికి యజమాని అయినా దాన్ని పాడు చేయకూడదని 2005లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. మిగిలిన భాగాలు ఆయనకు తిరిగి ఇవ్వమని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించమని ఆదేశించింది.

దీన్ని మా బిల్హా ప్రశ్నకు అన్వయించండి. రేపు స్టేషన్‌ రోడ్డు వెడల్పు చేయాల్సి వస్తే శిల్పాన్ని కదపాలి. దాతతో ఒప్పందం ఉంటే చాలదు. నైతిక హక్కు దాతది కాదు, చెక్కినవాడిది. కాబట్టి స్వీకరించే పత్రంలో శిల్పి సంతకం కూడా ఉండాలి. ఎప్పుడు, ఎలా తరలించవచ్చో ముందే రాసుకోవాలి.

ఒక బలమైన ఎదురువాదన

మా బృందంలో ఒకామె మాత్రం నా వాదనకు గట్టిగా అడ్డు చెప్పింది. "నియమాలు, కమిటీలు అంటావు. అవి ఎవరిని ఆపుతాయి? పలుకుబడి ఉన్నవాడిని ఆపవు. మా పేటలో అంబేడ్కర్‌ విగ్రహం కూలీనాలీ డబ్బులు కూడబెట్టి పెట్టుకున్నాం. అనుమతి కోసం తిరిగితే ఈ జన్మకు వచ్చేది కాదు."

ఈ మాటకు నా దగ్గర చప్పున జవాబు లేకపోయింది. ఆమె చెప్పింది నిజం. ఊరి మధ్యలోకి రానివ్వని మనుషులకు తమ నాయకుడి విగ్రహం నిలబెట్టుకోవడం అలంకారం కాదు, ఈ నేల మాది కూడా అన్న ప్రకటన. వ్యాపారి తండ్రి జ్ఞాపకాన్నీ, ఒక పేట మొత్తం చందాలతో నిలబెట్టిన విగ్రహాన్నీ ఒకే గాటన కట్టకూడదు.

కానీ బాగా ఆలోచిస్తే ఆ మాట నియమాలు వద్దనడానికి కారణం కాదు, నియమాలు ఎలా ఉండాలో చెప్పే షరతు. రాతపూర్వక నియమం లేనిచోట పనిచేసేది ఫోన్‌ కాల్‌. ఫోన్‌ చేయగలిగేది వ్యాపారే, పేటవాళ్లు కాదు. రుసుము లేని దరఖాస్తు, జవాబుకు గడువు, తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వడం, అప్పీలు చేసుకునే దారి. ఇవి ఉంటేనే బలహీనుడికి నియమం ఆయుధం అవుతుంది.

నేనే ఆ అధికారినైతే

దాతకు కృతజ్ఞత చెబుతాను. తిరస్కరించను, వెంటనే ఒప్పుకోను. మూడు నెలలు అడిగి, కౌన్సిల్‌ చేత ఈ కింది తీర్మానం చేయిస్తాను.

1. స్థలాలను ముందు పట్టణమే గుర్తిస్తుంది: పార్కు, చెరువు గట్టు, పాఠశాల ఆవరణ. కూడళ్లు, ఫుట్‌పాత్‌లు జాబితాలో ఉండవు. దాత ఈ జాబితాలోంచే ఎంచుకోవాలి.

2. నిర్ణయం ఒక్క అధికారిది కాదు. కళా ఉపాధ్యాయుడు, ఇంజనీరు, వార్డు ప్రతినిధులు, మహిళలు, దళిత, ఆదివాసీ ప్రతినిధులు ఉన్న చిన్న కమిటీ సిఫారసు చేస్తుంది. ఢిల్లీకి 1973 చట్టంతో పట్టణ కళా కమిషన్‌ వచ్చింది. చిన్న పట్టణానికి అంత పెద్ద వ్యవస్థ అక్కర్లేదు, ఆ ఆలోచన చాలు.

3. చిన్న నమూనాను 30 రోజులు పంచాయతీ కార్యాలయంలో ప్రదర్శించి అభ్యంతరాలు తీసుకోవాలి. అసలు శిల్పం పని మొదలయ్యేది ఆ తర్వాతే.

4. పునాది ఖర్చు, నిర్వహణకు కొంత డిపాజిట్‌ దాతే ఇవ్వాలి. చందాలతో ముందుకు వచ్చే పేద పేటలకు దీని నుంచి మినహాయింపు.

5. పలక మీద ముందు శిల్పి పేరు, తర్వాత దాత పేరు, చిన్న అక్షరాల్లో.

6. పదిహేనేళ్లకోసారి సమీక్ష. తరలించే హక్కు పట్టణానిదే, శిల్పి ముందస్తు సమ్మతితో.

ఈ షరతులు విన్నాక దాత వెనక్కి తగ్గితే? తగ్గనివ్వండి. ఆయనకు కావలసింది శిల్పం కాదు, కూడలి అని తేలుతుంది.

బిల్హా ప్రాంతంలోనే, మనియారి నది ఒడ్డున తాలా ఉంది. 1988లో అక్కడ దేవరానీ-జేఠానీ గుళ్ల దగ్గర ఒక నిలువెత్తు శిల్పం బయటపడింది. తలపాగాలో పాము, ముక్కు బల్లి, చెవులు నెమళ్లు, భుజాలు మొసళ్లు. రుద్రశివుడని పిలుస్తున్నా, అది ఎవరి రూపమో పండితులు ఇంకా చర్చిస్తూనే ఉన్నారు. దానికి డబ్బు పెట్టినవారి పేరు పలక మీద లేదు. అయినా చూడ్డానికి జనం ఇప్పటికీ వస్తున్నారు. పట్టణానికి శిల్పం కావాలా అంటే, తప్పకుండా కావాలి. దాన్ని ఎవరు ఇచ్చారన్నది కాక, అది ఎవరిదన్నది ముందు తేల్చుకోవాలి.

సాధన ప్రశ్న: "ప్రజా స్థలంలో దానం కూడా ఒక రకమైన అధికార ప్రయోగమే." ఉదాహరణలతో చర్చించండి. 250 పదాలు. మీ జవాబులో ఎదురువాదనకు కనీసం ఒక పేరా ఇవ్వడం మరవకండి. నా మొదటి జవాబులో నేను మరిచిపోయింది అదే.