బాగానే ఉన్నామండీ!

గల్ఫ్‌లో ఉండే తెలుగువాణ్ణి ఎలా ఉన్నావని అడిగి చూడండి. "బాగానే ఉన్నామండీ" అంటాడు. ఉద్యోగం ఉన్నవాడూ అదే మాట, పోయినవాడూ అదే మాట. నాలుగు నెలలుగా జీతం రానివాడైతే ఇంకాస్త గట్టిగా అంటాడు. మనవాళ్ళు దీన్ని ఆత్మాభిమానం అనుకుంటున్నారు. నేను ఒప్పుకోను. ఇది మనం ఒకళ్ళకొకళ్ళం చేసుకుంటున్న అపకారం.

నేనుండేది బౌషర్‌లో. మస్కట్‌లో ఇదొక విలాయత్, అంటే మన తాలూకా లాంటిదనుకోండి. కొండల కింద పాత ఊరు, ఖర్జూరపు తోటలు, ఇళ్ళ మధ్యనే ఇసుక దిబ్బలు. ఇటు 2001లో తెరిచిన సుల్తాన్ కబూస్ పెద్ద మసీదు, షాపింగ్ మాల్స్. అజైబా వైపు విల్లాల్లో, అపార్టుమెంట్లలో సాఫ్ట్‌వేర్ వాళ్ళూ, ఇంజనీర్లూ, డాక్టర్లూ ఉంటారు. గాలా వైపు వర్క్‌షాపుల వెనక గదుల్లో జగిత్యాల నుంచో, సిరిసిల్ల నుంచో, కోనసీమ నుంచో వచ్చినవాళ్ళు ఒకరిమీద ఒకరు సర్దుకుంటారు. ఈ ఇద్దరూ ఏడాదికోసారి కూడా కలిసి భోంచెయ్యరు గానీ, ఇద్దరి నోటా వచ్చే అబద్ధం మాత్రం ఒకటే.

2018 జనవరిలో ఒమాన్ ప్రభుత్వం 87 రకాల ఉద్యోగాలకి విదేశీయులకి కొత్త వీసాలు ఆరు నెలలపాటు ఆపేసింది. వాటిలో మా కంప్యూటర్ ఉద్యోగాలూ ఉన్నాయి. తరవాత గడువు పొడిగించారు కూడా. దాన్ని తప్పు పట్టను. వాళ్ళ దేశం, వాళ్ళ పిల్లలకి ఉద్యోగాలు కావాలి. పైగా ఆరోజుల్లో పాత యజమాని ఎన్.ఓ.సి. ఇవ్వకపోతే దేశం వదిలి వెళ్ళి, రెండేళ్ళదాకా ఇంకొక కంపెనీ వీసా మీద తిరిగి రాకూడదు. ఆ నిబంధన 2021 జనవరిలో గానీ పోలేదు. నలభై దాటినవాడికి, పదేళ్ళ కిందట నేర్చుకున్న విద్య పాతబడిపోయినవాడికి, ఆ రెండూ కలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

నాకు తెలిసిన ఒకాయనకి సరిగ్గా అప్పుడే కాంట్రాక్టు అయిపోయింది. ఆయన రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, లంచ్ బాక్సు పట్టుకుని బయల్దేరి, అజైబా సముద్రపొడ్డున కార్లో కూర్చునేవాడు. భార్యకి తెలీదు. ఆ ఏడాది ఉగాది కార్యక్రమానికి చందా కూడా ఇచ్చాడు, అందరికంటే కాస్త ఎక్కువే. చివరికి ఇండియా వెళ్ళిపోయేముందు సామాన్లు అమ్ముతుంటే బయటపడింది. అప్పుడు మావాళ్ళే ఒకాయన నెత్తి కొట్టుకున్నాడు: "అయ్యో, దుబాయిలో మా ఆఫీసులో ఆ పనికే మనిషి దొరక్క రెండు నెలలు వెతికామే!"

గాలాలో ఇదే కథ ఇంకా ఘోరంగా ఉంటుంది. కాగితాలు చెల్లక, స్పాన్సర్‌ని వదిలేసి దొంగచాటుగా పని చేసుకునేవాణ్ణి అక్కడ 'ఖల్లివల్లి' అంటారు. 2020 నవంబరులో, కరోనా కాలంలో, అలాంటివాళ్ళు జరిమానాలు కట్టకుండా వెళ్ళిపోవచ్చని ప్రభుత్వం అవకాశం ఇచ్చింది. చాలామంది వెళ్ళారు. వెళ్ళనివాళ్ళూ ఉన్నారు. ఎందుకు వెళ్ళలేదంటే, ఏజెంటుకి కట్టడానికి చేసిన అప్పు అలాగే ఉంది, ఊళ్ళో మాత్రం వీడు సంపాదిస్తున్నాడనే అనుకుంటున్నారు. సెంటు సీసాలు లేకుండా, చెల్లెలికి గొలుసు లేకుండా దిగితే మొహం ఎలా చూపించాలి? ఒమాన్ జరిమానా మాఫీ చేసింది గానీ ఊరు మాఫీ చెయ్యలేదు.

గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' చదివినవాళ్ళకి ఇది కొత్తగా ఉండదు. తండ్రి పోతూపోతూ వంశప్రతిష్ఠ నిలబెట్టమన్నాడు. సీతారామారావు ఆ మాట పట్టుకుని ఆస్తంతా ఊడ్చేశాడు. మనం ఆ నవలని గొప్ప మనోవైజ్ఞానిక నవలని మెచ్చుకుని బీరువాలో పెట్టేశాం. సీతారామారావు మాత్రం రెమిటెన్సు రసీదు చేత్తో పట్టుకుని ఎక్స్ఛేంజి ముందు ఇంకా నిలబడే ఉన్నాడు.

"ఊళ్ళో అమ్మకి చెప్తే బెంగ పెట్టుకుంటుంది కదా" అంటారు. నిజమే. ప్రతి నొప్పీ అమ్మకి ఫోన్లో చెప్పక్కర్లేదు. నేనంటున్నది పక్క ఫ్లాట్‌వాడికి చెప్పమని, భార్యకి చెప్పమని, అప్పిచ్చినవాడికి చెప్పమని. బెంగ పేరు చెప్పి మనం కాపాడుకుంటున్నది అమ్మని కాదు, అమ్మ పక్కింట్లో చెప్పుకునే మన పేరుని.

ఇక వ్యక్తిత్వ వికాస నిపుణులున్నారు. సంఘాలు ఇండియానుంచి టిక్కెట్లిచ్చి మరీ పిలిపిస్తాయి. రెండు గంటలు, మైకు, చప్పట్లు. లోపాలని జయించాలంటారు, 'లేదు' అనే మాట నిఘంటువులోంచి తీసెయ్యాలంటారు. ముందు వరసలో ఉద్యోగం పోయినవాడు కూర్చుని చప్పట్లు కొడుతుంటాడు. వాడికి కావలసింది 'లేదు' అని పైకి అనగలిగే ఒక్క చోటు.

రాసేవాళ్ళం మనమూ తక్కువేం తిన్లేదు. ఇలాంటి సంకలనాలు తిరగేసి చూడండి. సంక్రాంతి ముగ్గులు, గోదావరి గట్లు, తాతయ్య పడక్కుర్చీ. లేదంటే అడ్డంకులన్నీ దాటి మేనేజరైనవాడి కథ. అప్పు తీరకుండానే తిరిగి వెళ్ళి, ఊళ్ళో కిరాణా కొట్టు పెట్టుకుని బతుకుతున్నవాడి కథ ఎన్ని పుస్తకాల్లో చదివారు? వాడు తెలుగువాడు కాదా? శ్రీశ్రీ 'అనంతం'లో తన తాగుడూ, బలహీనతలూ దాచుకోకుండా రాసుకున్నాడు. దానివల్ల ఆయన కవిత్వం విలువేమీ తగ్గలేదే!

ఊళ్ళో ఉండి ఇది చదువుతున్నవాళ్ళకీ ఒక మాట. సంబంధం చూసేటప్పుడు మస్కట్‌లో జీతమెన్ని రియాళ్ళని అడుగుతారు. అప్పెంత ఉందని కూడా అడగండి, సిగ్గుపడకండి. సెలవుకి వచ్చినవాడు పెట్టె తెరవకపోతే చుట్టూ మూగి కూర్చోకండి.

మా బౌషర్ వీధుల్లో వేపచెట్లకి కొదవ లేదు. ఉగాదికి పువ్వు కోసి తెచ్చి, శాస్త్రోక్తంగా చేదు తిని, స్టేజీ ఎక్కి మూడు గంటలు తీపే మాట్లాడతాం. వచ్చే ఉగాదికి నేను సంఘంవారికి చెప్పబోయేది ఇదీ: ముఖ్య అతిథి సన్మానానికి కేటాయించిన అరగంట తీసెయ్యండి. గాలా నుంచి ఒక బస్సు పెట్టి వాళ్ళనీ తీసుకురండి. ఆ అరగంటలో ఉద్యోగం పోయినవాళ్ళూ, కాగితాలు లేనివాళ్ళూ, తిరిగి వెళ్ళాలనుకుంటూ వెళ్ళలేనివాళ్ళూ మాట్లాడతారు. మైకు అక్కర్లేదు. చప్పట్లు అసలే వద్దు.