గుర్తింపు ముందా, ప్రవేశాలు ముందా?

ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన, శబరి నదిని ఆనుకొని ఉన్న సుక్మా 2012లో దంతెవాడ నుంచి విడివడి ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. కోంటా దాటితే తెలుగు నేల. జ్వరం ముదిరినా, కాన్పు కష్టమైనా సరిహద్దు గ్రామాల వారు భద్రాచలం దారి పట్టడం అక్కడ పరిపాటి. దగ్గరలోని ప్రభుత్వ వైద్య కళాశాల జగదల్‌పుర్‌లో ఉంది. చదువుకున్న వైద్యులు అడవి పల్లెల్లో నిలవకపోవడమే ఈ ప్రాంతపు పాత వ్యాధి.

దీనికి మందుగా ఛత్తీస్‌గఢ్ ఆవిర్భవించిన మరుసటి ఏడాదే, 2001లో, అజిత్ జోగి ప్రభుత్వం ప్రత్యేక చట్టం తెచ్చి మూడేళ్ల వైద్య కోర్సును ప్రారంభించింది. పల్లెల్లో పనిచేసేందుకే వైద్య సిబ్బందిని తయారుచేయాలన్న ఆ సంకల్పం మంచిదే. అయితే భారత వైద్య మండలి ఆమోదం లేకుండానే ప్రవేశాలు మొదలయ్యాయి. వైద్య సంఘాలు వ్యతిరేకించాయి, వివాదం న్యాయస్థానానికి చేరింది. గుర్తింపు కోసం కోర్సు పేరు ఒకటికి రెండుసార్లు మార్చారు. పేరు మారినప్పుడల్లా తమ పట్టాకు విలువేమిటో తెలియక విద్యార్థులు ఆందోళనలకు దిగారు. కొద్ది సంవత్సరాలకే ఆ కోర్సు మూతపడింది.

చదువు పూర్తిచేసిన వారిని గ్రామీణ వైద్య సహాయకుల పేరిట మారుమూల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నియమించారు. వీరి పనితీరును ఇతర వైద్య సిబ్బందితో పోలుస్తూ జరిగిన అధ్యయనం 2010లో వెలువడింది. ప్రాథమిక స్థాయిలో ఎదురయ్యే సాధారణ వ్యాధుల విషయంలో వీరి సామర్థ్యం ఎంబీబీఎస్ వైద్యులకు తీసిపోదని అందులో తేలింది. అంటే, లోపం విద్యార్థులలో లేదు. పునాది వేయకుండా గోడలు లేపిన విధానంలోనే ఉంది.

అస్సాం అనుభవమూ ఇదే చెబుతోంది. గ్రామీణ వైద్య డిప్లొమా కోసం ఆ రాష్ట్రం 2004లో చేసిన చట్టాన్ని గువాహటి హైకోర్టు 2014లో కొట్టివేసింది. సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఆ తీర్పును సమర్థించింది. వైద్య విద్యా ప్రమాణాలను నిర్దేశించే అధికారం కేంద్రానిదేనని స్పష్టం చేసింది. అదే సమయంలో, డిప్లొమా పొందినవారిని పరిమిత సేవలకు వినియోగించుకునేలా అస్సాం 2015లో తెచ్చిన మరో చట్టాన్ని ఆమోదించింది.

ఇప్పుడు చట్టబద్ధమైన దారి లేకపోలేదు. జాతీయ వైద్య కమిషన్ చట్టం, 2019లోని 32వ సెక్షన్ సామాజిక ఆరోగ్య సేవకులకు పరిమిత లైసెన్సు ఇచ్చేందుకు వీలు కల్పిస్తోంది. ఆయుష్మాన్ భారత్ కింద నర్సులు ఆరు నెలల శిక్షణతో సామాజిక ఆరోగ్య అధికారులుగా ఉపకేంద్రాల్లో సేవలందిస్తున్నారు.

సుక్మా వంటి జిల్లాల కోసం రేపు ఏ విశ్వవిద్యాలయం ప్రజారోగ్య పట్టా ప్రారంభించినా, పాఠ్యాంశాలను మార్చినా, మూడు ప్రశ్నలకు ముందే జవాబు ఉండాలి. గుర్తింపు ఎవరిస్తారు? పట్టా పొందిన వారు ఏ వైద్యం చేయవచ్చు, ఏది చేయరాదు? పదోన్నతికి మార్గమేది? మొదటి విద్యార్థి ఫీజు కట్టకముందే ఇవి కాగితం మీదకు రావాలి. లేకుంటే నష్టపోయేది పట్టా పట్టుకొని తిరిగే గిరిజన యువత, ఆ వెనుక వైద్యం కోసం ఎదురుచూసే పల్లె. ఈ రెండూ ఒకసారి మోసపోయాయి. మళ్లీ నమ్మకం కలిగించవలసిన బాధ్యత ప్రభుత్వాలదే.