కిరోసిన్ కాపాడిందన్నది కట్టుకథ

తిమింగలాలను బతికించింది కిరోసిన్ దీపమేనన్న మాట తరచూ వినిపిస్తుంది. 1859లో పెన్సిల్వేనియాలో చమురు బావి పడ్డాక తిమింగలం నూనెకు గిరాకీ పోయిందనీ, అలా మార్కెట్టే వాటికి ప్రాణభిక్ష పెట్టిందనీ వాదన. లెక్కలు చూస్తే కథ అడ్డం తిరుగుతుంది. ఒక్క ఇరవయ్యో శతాబ్దంలోనే దాదాపు 29 లక్షల తిమింగలాలను చంపారు. అసలు ఊచకోత జరిగింది కిరోసిన్ వచ్చాకే. తెడ్ల పడవలకు అందని నీలి తిమింగలాలు ఆవిరి, డీజిల్ ఓడలకు దొరికిపోయాయి. నూనెను గడ్డకట్టించే హైడ్రోజనేషన్ పద్ధతి వచ్చాక, దీపాల్లో పోసే నూనె కాస్తా యూరప్‌లో రొట్టె మీద రాసుకునే మార్గరిన్ అయింది. ఒక గిరాకీ పోతే ఇంకొకటి పుట్టుకొచ్చింది, అంతే.

ఆ వేట ఎలా సాగిందో కూడా చెప్పుకోవాలి. నార్వేజియన్ స్వెండ్ ఫోయిన్ 1860లలో తయారుచేసిన ఫిరంగి హార్పూన్ మొనకు బాంబు ఉండేది. ఒంట్లో దిగాక అది పేలేది, ముళ్లు విచ్చుకునేవి. గురి తప్పి ఏ వీపులోనో దిగితే, లోపల నెత్తురు కారుతూనే ఆ జీవి తాడుతో ఓడను ఈడ్చేది. చావుకు ఒక్కోసారి గంటకు పైగా పట్టేది. కళేబరం మునిగిపోకుండా సైకిల్ ట్యూబుకు కొట్టినట్టు అందులోకి గాలి కొట్టేవారు. 1930-31 సీజన్లో అంటార్కిటికా చుట్టూ ఇలా చంపిన నీలి తిమింగలాలే 29 వేల పైచిలుకు.

చట్టాలు మాత్రం ఏం ఒరగబెట్టాయని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1946 ఒప్పందంతో ఏర్పడిన అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్ మొదట్లో కోటాలను నూనె లెక్కనే కట్టింది: ఒక నీలి తిమింగలానికి ఆరు సెయి తిమింగలాలు సమానం! ఏ జాతి ఎంత మిగిలిందన్న పట్టింపే లేదు. సోవియట్ ఓడలు 1948-73 మధ్య దక్షిణార్ధగోళంలో 48 వేలకు పైగా హంప్‌బ్యాక్‌లను చంపి, కమిషన్‌కు 2,710 అని రాసిచ్చాయి. రష్యన్ శాస్త్రవేత్త యాబ్లకోవ్ 1993లో బయటపెట్టేదాకా ఈ దొంగలెక్క గుట్టుగానే ఉంది. దీన్నిబట్టి తేలేది చట్టం అక్కర్లేదని కాదు, కాపలా లేని చట్టం పనికిరాదని. 1972 నుంచి ఓడలెక్కిన అంతర్జాతీయ పరిశీలకులు, 1986లో అమల్లోకొచ్చిన వాణిజ్య వేట నిషేధం ఆ లోటును చాలావరకు పూడ్చాయి. బ్రెజిల్ తీరానికొచ్చే హంప్‌బ్యాక్‌లు ఒక దశలో 450కి పడిపోయి, ఇప్పుడు పాతిక వేలకు చేరాయి. అంటార్కిటిక్ నీలి తిమింగలాలకు ఆ అదృష్టం లేదు. రెండు లక్షలకు పైగా ఉన్నవి 1970ల నాటికి కొన్ని వందలే మిగిలాయి, నేటికీ తేరుకోలేదు. వేట కంపెనీలు ఓడలు అమ్ముకున్నది జాలిపడి కాదు, సముద్రంలో సరుకు నిండుకుని.

గిరాకీ తగ్గితే వేట దానంతటదే ఆగుతుందని ఇంకా నమ్మేవాళ్లు జపాన్ వైపు చూడాలి. అక్కడ తిమింగలం మాంసం తినడం 1960లతో పోలిస్తే నామమాత్రమైంది. అయినా ఆ దేశం 2019లో కమిషన్ నుంచి తప్పుకుని తన జలాల్లో వాణిజ్య వేట మళ్లీ మొదలుపెట్టింది. 2024లో ఫిన్ తిమింగలాలనూ జాబితాలో చేర్చింది.